కెర్నెల్ ఇచ్చిన మాట

1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ విడుదల చేసిన లైనక్స్ 0.01లో, ఫైల్లోకి రాయమని కెర్నెల్‌ను అడగడానికి వాడే సంఖ్య 4. 32 బిట్ల ఇంటెల్ ప్రాసెసర్ల మీద ఈరోజుకీ అది 4గానే ఉంది. ప్రోగ్రాము తనంతట తాను డిస్కును ముట్టుకోలేదు. కావలసిన పని సంఖ్యను రిజిస్టర్లో పెట్టి కెర్నెల్‌ను పిలవాలి. ఆ పిలుపే సిస్టమ్ కాల్. ఏ పనికి ఏ సంఖ్య, దాంతోపాటు ఇచ్చే సమాచారం ఎన్ని బైట్లు, ఏ వరుసలో ఉండాలి అన్నదంతా కెర్నెల్ హెడర్ ఫైళ్లలో రాసి ఉంటుంది. ప్రోగ్రాములు రాసేవాళ్లలో చాలామందికి వాటిని తెరిచి చూసే అవసరమే రాదు. ప్రింట్‌ఎఫ్ అని రాస్తే చాలు, మిగతాది సి లైబ్రరీ చూసుకుంటుంది.

ఓపెన్‌బీఎస్‌డీలో కెర్నెల్‌నీ సి లైబ్రరీనీ ఒకే బృందం తయారుచేసి, కలిపి విడుదల చేస్తుంది. ఒకటి మారితే రెండోదాన్నీ వెంటనే మార్చుకోవచ్చు. లైనక్స్‌కు ఆ వెసులుబాటు లేదు. గ్నూ సి లైబ్రరీ, అంటే గ్లిబ్‌సి, వయసులో లైనక్స్ కన్నా పెద్దది. రోలండ్ మెక్‌గ్రాత్ 1980ల చివర్లోనే దాన్ని మొదలుపెట్టాడు. తొలినాళ్ల లైనక్స్ బృందం అందులోంచి ఒక పాయ చీల్చుకుని తమ కెర్నెల్‌కు తగ్గట్టు మలచుకుంది. ఎచ్.జె. లూ చూసుకున్న ఆ పాయ 5వ సంఖ్య దాకా నడిచింది. 1997లో గ్లిబ్‌సి 2 వచ్చాక క్రమంగా అందరూ దానికే మళ్లారు. 5 అప్పటికే వాడేశారు గనక లైబ్రరీ ఫైలు పేరుకు 6 తగిలించారు. ఇవాళ్టి ఉబుంటు, ఫెడోరాల్లోనూ ఆ 6 అలాగే ఉంది.

ఆ రోజుల్లో ఒక చెడ్డ అలవాటు ఉండేది. కెర్నెల్ హెడర్లు ఉండాల్సిన చోట కెర్నెల్ సోర్సు ఫోల్డరుకు ఒక లింకు పెట్టి వదిలేసేవారు. కొత్త సోర్సు దించుకోగానే, పాత హెడర్లతో తయారైన లైబ్రరీ పక్కన కొత్తవి వచ్చి చేరేవి. అద్దెకున్నవాళ్ల అల్మరాలో ఇంటివాళ్లు చెప్పకుండా సామాను మార్చినట్టు. కంపైలర్ అక్కడికక్కడే తప్పు చూపిస్తే నయమే. అసలు ప్రమాదం కొలతల్లో ఉంది. ఇంటెల్ యంత్రాల మీద సిగ్నళ్ల పట్టికకు కెర్నెల్ 64 బిట్లు కేటాయిస్తే, గ్లిబ్‌సి ముందుచూపుతో 1024 కేటాయించింది. టెర్మినల్ అమరికల్లో కెర్నెల్‌కు 19 నియంత్రణ అక్షరాలు, లైబ్రరీకి 32. చిన్న జాగాలో పెద్దది రాస్తే పక్కనున్న మెమరీ పాడవుతుంది, ప్రోగ్రాము ఎప్పుడో సంబంధం లేని చోట కూలుతుంది.

ఆ లింకు తీసేయండి, లైబ్రరీని ఏ హెడర్లతో కంపైల్ చేశారో అవే అక్కడ ఉండాలి అని 2000లో టోర్వాల్డ్స్ స్పష్టంగా చెప్పాడు. 2006లో 2.6.18తో, బయటికి పనికొచ్చే హెడర్లను మాత్రమే ఏరి ఇచ్చే ఆదేశం కెర్నెల్లోనే వచ్చింది. 2012 చివర్లో 3.7 నాటికి డేవిడ్ హోవెల్స్ వాటిని విడి ఫోల్డర్లలోకి తరలించాడు. వాడేవాళ్లకు కొత్త సౌకర్యమేదీ ఇవ్వని ఆ సర్దుబాటు, నా దృష్టిలో కెర్నెల్ చరిత్రలోని గొప్ప పనుల్లో ఒకటి. బయటివాళ్లకిచ్చిన మాట ఏదో, లోపలి వ్యవహారం ఏదో దాంతో తేలిపోయింది.

నడుస్తున్న కెర్నెల్, హెడర్లు ఒకే వెర్షన్‌వి కావాలని ఇప్పటికీ చాలామంది అనుకుంటారు. అక్కర్లేదు. పాత సంఖ్యల అర్థం కెర్నెల్ మార్చదు గనక పాత హెడర్లతో కట్టిన లైబ్రరీ కొత్త కెర్నెల్ మీద నడుస్తుంది. కొత్త హెడర్లతో కట్టినదైతే పాత కెర్నెల్‌ను ముందు కొత్త కాల్ అడిగి చూస్తుంది; అలాంటి పనే లేదన్న అర్థంలో 38వ నంబరు లోపం తిరిగొస్తే పాత దారి పడుతుంది. దీనికీ హద్దుంది: గ్లిబ్‌సి 2.26 నుంచి కనీసం 3.2 కెర్నెల్ ఉండాలి.

అలాంటి పనే లేదన్న ఆ జవాబు మారితే ఏమవుతుందో 2021లో తెలిసొచ్చింది. గ్లిబ్‌సి 2.34 థ్రెడ్ల సృష్టికి క్లోన్3 అనే కొత్త కాల్ వాడసాగింది. కొన్ని కంటెయినర్ల భద్రతా వడపోతలు తమకు తెలియని ఆ కాల్‌కు ‘లేదు’ అనకుండా ‘అనుమతి లేదు’ అన్నాయి. లైబ్రరీ పాత దారి వెతకలేదు. ప్రోగ్రాములు థ్రెడ్లు పుట్టించలేక ఆగిపోయాయి.

లైబ్రరీ వైపు జాప్యాలూ తక్కువేం కాదు. థ్రెడ్ గుర్తింపు సంఖ్యను చెప్పే గెట్‌టిడ్ 2001 నుంచీ కెర్నెల్లో ఉంటే, గ్లిబ్‌సి దాన్ని 2019లో గానీ అందించలేదు. ఈలోగా ఎందరో అదే పేరుతో సొంత ఫంక్షన్లు రాసుకున్నారు. అసలుది రాగానే పేర్లు ఢీకొని వాళ్ల ప్రోగ్రాములు కంపైల్ కాలేదు. అంత ఆలస్యాన్ని సమర్థించలేం.

ఇప్పుడు అన్నిటికన్నా పెద్ద పరీక్ష కాలానిది. 1970 నుంచి సెకన్లను 32 బిట్లలో లెక్కపెట్టే పాత పద్ధతి 2038 జనవరి 19న నిండిపోతుంది. 2019లో కెర్నెల్ 5.1 పాత కాల్స్‌ను ముట్టుకోకుండా, వాటి పక్కనే 64 బిట్ల కాల్స్‌ను కొత్త సంఖ్యలతో చేర్చింది. 2021లో గ్లిబ్‌సి కూడా తోడైంది. అయితే కాలాన్ని ఒకదానికొకటి అందించుకునే లైబ్రరీలన్నీ ఒకే కొలతకు మారాలి. అందుకే 2024లో డెబియన్ 32 బిట్ల ఆర్మ్ యంత్రాల కోసం వేలాది ప్యాకేజీలను మళ్లీ కంపైల్ చేసింది. 32 బిట్ల ఇంటెల్ వైపు మాత్రం ఈ మార్పు చేయలేదు. అక్కడ ముఖ్యంగా నడవాల్సింది ఎన్నడో కంపైల్ చేసిన పాత ప్రోగ్రాములే గనక, వాటికి తెలిసిన కొలతనే ఉంచింది.