తుక్కు బండి రోడ్డెక్కాలంటే.. ముందు కాగితం, తర్వాతే మరమ్మతు

* ప్రమాదాల్లో నుజ్జయిన, వరదల్లో మునిగిన వాహనాలు చవకగా విక్రయం
* రిజిస్ట్రేషన్ రద్దయితే కొన్నవారి సొమ్ము నీటిపాలే
* కొనేముందు పరిశీలించవలసిన అంశాలివీ

విజయవాడ: నుజ్జునుజ్జయిన వాహనాన్ని తిరిగి నిలబెట్టగల పనివారికి బెజవాడ ఆటోనగర్‌లో కొదవ లేదు. టింకరింగ్, పెయింటింగ్, ఇంజిన్, వైరింగ్.. ఏ పనికి ఆ పనివారు అక్కడే ఉంటారు. ఒక్కటి మాత్రం ఏ షెడ్డులోనూ తయారు కాదు. అదే రిజిస్ట్రేషన్ ధ్రువపత్రం. పాతవారు సీబుక్కు అని, ఇప్పటివారు ఆర్‌సీ అని పిలిచే ఈ పత్రం లేనిదే, ఎంత తళతళలాడే వాహనమైనా చట్టం దృష్టిలో తుక్కు కిందే లెక్క. బీమా సంస్థలు వదిలించుకున్న వాహనాన్ని లక్షకో, లక్షన్నరకో కొని, అంతకు రెట్టింపు ఖర్చుతో బాగు చేయించాక ఆర్‌సీ బదిలీ కాదని తెలిస్తే, కొన్నవారికి మిగిలేది విడిభాగాల ధర మాత్రమే.

2024 సెప్టెంబరులో బుడమేరు వరద ముంచెత్తినపుడు సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట ప్రాంతాల్లో ద్విచక్ర వాహనాలు, ఆటోలు, కార్లు రోజుల తరబడి నీటిలోనే ఉండిపోయాయి. ఇలా మునిగిన వాహనాలు, ప్రమాదాల్లో దెబ్బతిన్న వాహనాలు చేతులు మారేటపుడు కొనుగోలుదారులు నిబంధనలను తెలుసుకొని ఉండటం అవసరం.

పూర్తి నష్టం అంటే..

ప్రామాణిక మోటారు పాలసీ ప్రకారం వాహనాన్ని వెలికితీసి మరమ్మతు చేయడానికయ్యే మొత్తం వ్యయం, బీమా చేసిన విలువ (ఐడీవీ)లో 75 శాతాన్ని మించితే దానిని పూర్తి నష్టంగా పరిగణిస్తారు. ఉదాహరణకు ఐడీవీ రూ.4 లక్షలు ఉన్న కారుకు సర్వేయరు రూ.3.20 లక్షల మరమ్మతు వ్యయాన్ని నిర్ధారిస్తే అది ఈ కోవలోకి వస్తుంది. మరమ్మతు అసాధ్యమని దీని అర్థం కాదు. బీమా సంస్థకు అది గిట్టుబాటు కాదని మాత్రమే అర్థం. తుక్కు వాహనాల వ్యాపారమంతా ఈ తేడా మీదే నడుస్తోంది.

పరిహారం చెల్లింపు సాధారణంగా రెండు విధాలుగా ఉంటుంది. మొదటి దానిలో బీమా సంస్థ పూర్తి సొమ్ము చెల్లించి, శిథిల వాహనాన్ని తాను ఎంపిక చేసిన కొనుగోలుదారుకు ఇప్పిస్తుంది. రెండో దానిలో శిథిలం విలువను మినహాయించుకొని మిగిలిన మొత్తం చెల్లిస్తుంది. వాహనం యజమాని వద్దే ఉంటుంది. పై ఉదాహరణలో శిథిలానికి రూ.1.10 లక్షలు పలికితే, పాలసీలోని తప్పనిసరి మినహాయింపు వెయ్యి రూపాయలు పోను యజమానికి రూ.2.89 లక్షలు అందుతాయి. ఆ బండిని ఆయనే బాగు చేయించుకోవచ్చు, లేదా అమ్ముకోవచ్చు.

ఆర్‌సీలో కనిపించని మచ్చ

అమెరికాలో ఇలాంటి వాహనం హక్కుపత్రంపై సాల్వేజ్ అనే ముద్ర పడుతుంది. దానికి కొలమానం రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. న్యూయార్క్‌లో మరమ్మతు వ్యయం వాహన విలువలో 75 శాతానికి చేరితే చాలు. తెలుగువారు అధికంగా స్థిరపడిన టెక్సస్‌లో వ్యయం వాహన విలువను మించాలి. బాగు చేసి, నిర్ణీత పత్రాలు సమర్పించాక కొత్త హక్కుపత్రం లభిస్తుంది. కానీ అందులో రీబిల్ట్ అన్న మాట శాశ్వతంగా నిలిచిపోతుంది. ఆ బండిని తర్వాత ఎవరు కొన్నా దాని గతం వారికి తెలుస్తుంది.

మన ఆర్‌సీలో ఇటువంటి ముద్రకు చోటే లేదు. అందుకే పూర్తి నష్టం కింద పరిహారం చెల్లించిన వాహనం కూడా, రిజిస్ట్రేషన్ రద్దు కాకుంటే, కాగితంపై సాధారణ వాహనంలాగే కనిపిస్తుంది. మంచి బండి అనుకొని మోసపోయేవారు కొందరైతే, తుక్కు అని తెలిసే కొని ఆర్‌సీ రద్దయిన సంగతి గమనించక నష్టపోయేవారు మరికొందరు.

రద్దయిందా? లేదా?

మోటారు వాహనాల చట్టం 1988లోని 55వ సెక్షన్ ప్రకారం వాహనం ధ్వంసమైనా, శాశ్వతంగా పనికిరాకుండా పోయినా యజమాని 14 రోజుల్లోగా లేదా వీలైనంత త్వరగా రిజిస్ట్రేషన్ అధికారికి తెలియజేసి ఆర్‌సీని అప్పగించాలి. అధికారి రిజిస్ట్రేషన్‌ను రద్దు చేస్తారు. వాహనం సహేతుకమైన మరమ్మతుకు కూడా లొంగని స్థితిలో ఉందని తనిఖీలో తేలితే, యజమాని వాదన విన్నాక అధికారి తానుగా కూడా రద్దు చేయవచ్చు.

కొనుగోలుదారు మొట్టమొదట తేల్చుకోవలసినది ఈ విషయమే. రిజిస్ట్రేషన్ అమల్లో ఉంటే ఆ వాహనం మరమ్మతు తర్వాత రోడ్డెక్కగలదు. రద్దయి ఉంటే దానిని విడిభాగాల కోసమే కొనాలి. రద్దు ఉత్తర్వుపై 57వ సెక్షన్ కింద అప్పీలుకు వీలున్నా, ఉత్తర్వు నోటీసు అందిన 30 రోజుల్లోగానే దాఖలు చేయాలి. పైగా ఆ హక్కు నష్టపోయిన యజమానిది. నెలల తర్వాత తుక్కు కొట్టులో కొన్నవారికి ఆ దారి దాదాపు మూసుకుపోయినట్లే.

సస్పెన్షన్ వేరు, రద్దు వేరు. ప్రజల భద్రతకు ప్రమాదకరంగా ఉన్న వాహనం రిజిస్ట్రేషన్‌ను 53వ సెక్షన్ కింద తాత్కాలికంగా నిలిపివేస్తారు. లోపాలు సరిదిద్దితే పునరుద్ధరిస్తారు. అయితే ఆరు నెలలకు తగ్గకుండా సస్పెన్షన్‌లోనే ఉంటే దానిని కూడా రద్దు చేసే అధికారం ఉంది. కాబట్టి సస్పెన్షన్‌లో ఉన్న బండికి గడువు ఎంత మిగిలిందో చూసుకోవాలి.

రిజిస్ట్రేషన్ స్థితి, ఫైనాన్స్ బకాయి, చలాన్లు, ఫిట్‌నెస్ గడువు వంటి వివరాలను రవాణా శాఖ ఆన్‌లైన్ సేవల ద్వారా తెలుసుకోవచ్చు. అమ్మకందారు చూపే జిరాక్సు ప్రతిని నమ్మి బయానా ఇవ్వడం తగదు.

ఎవరి వేలం? ఏ ఫారం?

వేలంలో కొన్న వాహనాలన్నింటికీ ఒకే పద్ధతి వర్తిస్తుందన్నది అపోహ. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల తరఫున జరిగే బహిరంగ వేలంలో కొన్నవారు కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 57వ నిబంధన ప్రకారం 30 రోజుల్లోగా ఫారం 32లో దరఖాస్తు చేయాలి. బీమా సంస్థలు, ఫైనాన్స్ కంపెనీలు, ప్రైవేటు వేలందారుల ద్వారా కొన్న వాహనాలకు ఈ ఫారం చెల్లదు. వాటికి సాధారణ బదిలీ ప్రక్రియే శరణ్యం. అంటే ఆర్‌సీలో పేరున్న యజమాని సంతకంతో ఫారం 29, ఫారం 30 ఉండాలి. ఆయన 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో సమాచారం ఇవ్వాలి. పాత యజమాని ఆచూకీ లేకుంటే ఫైలు అక్కడే ఆగిపోతుంది.

రుణంపై కొన్న వాహనమైతే ఫైనాన్స్ సంస్థ నిరభ్యంతర పత్రం, ఫారం 35 ఉండాలి. ఇతర రాష్ట్రాల వాహనమైతే అక్కడి అధికారి నుంచి ఫారం 28పై నిరభ్యంతర పత్రం తెచ్చుకోవాలి. ఇక్కడి జీవితకాల పన్ను కూడా లెక్కవేసుకోవాలి. హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో చవకగా వచ్చిందని లారీపై ఎక్కించి తెచ్చిన కారు, పన్ను కలిపితే చవక కాకుండా పోయే అవకాశం ఉంది.

బదిలీ దరఖాస్తుకు అమల్లో ఉన్న బీమా కూడా జతపరచాలి. పూర్తి నష్టం చెల్లించాక పాత పాలసీ ముగిసిపోతుంది. అందుచేత కనీసం థర్డ్ పార్టీ పాలసీ తీసుకోవడానికి అవకాశం ఉందా, ఎవరి పేరున ఇస్తారు అన్నది కొనేముందే బీమా కార్యాలయంలో అడిగి తెలుసుకోవడం మేలు.

కేసులో ఉన్న బండి

ప్రాణనష్టం, గాయాలు జరిగిన ప్రమాదాల్లో పోలీసులు వాహనాన్ని స్వాధీనం చేసుకుంటారు. తనిఖీ అనంతరం కోర్టు దానిని పూచీకత్తుపై యజమానికి అప్పగిస్తుంది. వాహనాలను స్టేషన్లలో ఏళ్ల తరబడి ఎండకు, వానకు వదిలేయరాదని 2002లో సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అయితే మధ్యంతరంగా అప్పగించిన వాహనాన్ని కోర్టు షరతులకు విరుద్ధంగా అమ్మడానికి వీల్లేదు. కేసు ఉందని తెలిస్తే కోర్టు ఉత్తర్వు ప్రతిని చదివాకే ముందుకు వెళ్లాలి.

ఛాసిస్ నంబరే ప్రాణం

వాహనానికి ఆర్‌సీ ఎంత ముఖ్యమో, ఆ ఆర్‌సీకి ఛాసిస్ నంబరు అంత ముఖ్యం. వాహనంపై ముద్రించిన ఇంజిన్, ఛాసిస్ నంబర్లు ఆర్‌సీలోని నంబర్లతో సరిపోలకుంటే 55వ సెక్షన్ కిందే రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. తుక్కు కారు కాగితాలను కొని, దాని నంబరును దొంగిలించిన కారుకు అతికించి అమ్మడం నేరగాళ్లకు తెలిసిన పద్ధతి. అందుకే మోటారు వాహనాల తనిఖీ అధికారులు (వాడుకలో బ్రేక్ ఇన్‌స్పెక్టర్లు) ఈ నంబర్లను నిశితంగా పరిశీలిస్తారు.

ఇంజిన్ మార్చితే రిజిస్ట్రేషన్ అధికారి అనుమతి అవసరం. అనుమతి లేకుండా మార్పు జరిగితే 14 రోజుల్లో తెలియజేయాలి. కొన్న పాత ఇంజిన్‌కు బిల్లు, అది ఏ వాహనం నుంచి తీసినదో తెలిపే ఆధారం దగ్గర ఉంచుకోవాలి. తుప్పు వల్లనో, ప్రమాదం వల్లనో ఛాసిస్ నంబరు చెరిగిపోతే సొంతంగా పంచింగ్ చేయించడం నేరాన్ని కొనితెచ్చుకోవడమే. చెరిగిన స్థితిలోనే అధికారికి చూపించి, అనుమతి పొందాకే ముందుకు వెళ్లాలి.

తయారీదారు నిర్దేశించిన స్వరూపానికి భిన్నంగా వాహనాన్ని మార్చడం చెల్లదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. దెబ్బతిన్న భాగం స్థానంలో అదే రకం భాగం వేయడం మరమ్మతు. ఒక కారు ముందు సగాన్ని మరో కారు వెనుక సగానికి వెల్డింగ్ చేయడం మరమ్మతు అనిపించుకోదు. మరో ప్రమాదం జరిగినపుడు ఆ అతుకే ముందుగా విడిపోయే ముప్పు ఉంటుంది.

పైమెరుగులకు మోసపోవద్దు

ప్రమాదానికి గురైన కారులో ముందుగా ఫ్రేము కొలతలు సరిచూడాలి. ఛాసిస్ వంకర తీయకుండా పెయింటింగ్ చేస్తే టైర్లు ఒకవైపే అరిగిపోతాయి, బ్రేకు వేసినపుడు బండి పక్కకు లాగుతుంది. ఒకసారి తెరుచుకున్న ఎయిర్‌బ్యాగును తిరిగి మడిచి పెట్టరాదు. ఎయిర్‌బ్యాగుతోపాటు దాని కంట్రోల్ యూనిట్, సీటు బెల్టు బిగింపు పరికరాలను కూడా పరీక్షించి అవసరమైనవి మార్చాలి. ఖర్చు మిగుల్చుకోవడానికి హెచ్చరిక దీపం వైరు కత్తిరించి వదిలేసిన కార్లు ప్రాణాంతకం. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగు దీపం వెలిగి, కొన్ని క్షణాల తర్వాత ఆరాలి. అసలు వెలగకపోతే అనుమానించాలి.

వరదలో మునిగిన బండిని స్టార్టు చేయడం మొదటి తప్పు. సిలిండర్లలో చేరిన నీరు కనెక్టింగ్ రాడ్లను వంచేస్తుంది. బ్యాటరీ తీగ తొలగించి, వాహనాన్ని లాగించుకుపోయి, ఆయిళ్లు అన్నీ మార్చాలి. ఇంజిన్ బాగుపడినా వైరింగ్ కనెక్టర్లలో చేరిన తేమ నెలల తర్వాత తుప్పుగా బయటపడుతుంది. సీట్ల కింది పట్టాలపై బురద, సీటు బెల్టును పూర్తిగా లాగినపుడు కనిపించే మట్టిగీత, తివాచీ కింద వాసన.. ఇవి మునిగిన కారు ఆనవాళ్లు.

రోడ్డెక్కే ముందు

రవాణా వాహనానికి ఫిట్‌నెస్ ధ్రువపత్రం లేకుంటే 56వ సెక్షన్ ప్రకారం దానికి రిజిస్ట్రేషన్ ఉన్నట్టే భావించరు. కాబట్టి ఆటోలు, లారీల యజమానులు మరమ్మతు తర్వాత ఫిట్‌నెస్, పర్మిట్, పన్ను బకాయిలు సరిచేసుకోవాలి. సొంత వాహనానికి మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. గడువు దగ్గర పడిన బండైతే పునరుద్ధరణ రుసుము కూడా కలుపుకోవాలి. విరిగిన నంబరు ప్లేటు స్థానంలో హైసెక్యూరిటీ ప్లేటు, కాలుష్య నియంత్రణ పత్రం ఉండాలి.

రిజిస్ట్రేషన్ లేని బండిని తనిఖీ కోసమైనా నడుపుకుంటూ తీసుకెళ్లకూడదు. మొదటిసారి పట్టుబడితే రూ.2 వేల నుంచి రూ.5 వేల వరకు జరిమానా ఉంది. మళ్లీ పట్టుబడితే రూ.5 వేల నుంచి రూ.10 వేల వరకు జరిమానా, ఏడాది వరకు జైలు లేదా రెండూ విధించవచ్చు.

అమ్మినవారికీ ముప్పే

తుక్కు కింద అమ్మేశాం, మనకేమిటి అనుకొనే యజమానులు 2018 ఫిబ్రవరి 6న సుప్రీంకోర్టు ఇచ్చిన నవీన్ కుమార్ కేసు తీర్పును గుర్తుంచుకోవాలి. వాహనం పలు చేతులు మారినా, ఆర్‌సీలో పేరు మారనంత వరకు ప్రమాద పరిహారానికి రికార్డులోని యజమానే బాధ్యుడని ఆ తీర్పు తేల్చింది. బీమా లేని ఆ బండి ఎవరినైనా ఢీకొంటే పరిహారం భారం ఎప్పుడో అమ్ముకున్న వ్యక్తిపై పడుతుంది. ఆయనకు స్తోమత లేకుంటే బాధిత కుటుంబానికే అన్యాయం జరుగుతుంది. కనుక ఖాళీ ఫారాలపై సంతకాలు చేసి ఇవ్వరాదు. కొనుగోలుదారు గుర్తింపు పత్రాలు తీసుకొని, ఫారం 29 అందజేసిన రసీదు భద్రపరచుకోవాలి.

బాగు చేయడం గిట్టుబాటు కాకపోతే 2021 సెప్టెంబరులో వచ్చిన నిబంధనల ప్రకారం గుర్తింపు పొందిన తుక్కు కేంద్రానికి వాహనాన్ని అప్పగించవచ్చు. అక్కడ ఇచ్చే డిపాజిట్ ధ్రువపత్రంతో కొత్త వాహనం కొంటే రిజిస్ట్రేషన్ రుసుము ఉండదు. సొంత వాహనంపై 25 శాతం, రవాణా వాహనంపై 15 శాతం వరకు పన్ను రాయితీకి కేంద్ర నిబంధనలు వీలు కల్పిస్తున్నాయి.

ఇవి మరవొద్దు..

- రిజిస్ట్రేషన్ అమల్లో ఉందని తేలాకే బయానా.
- పాత యజమాని సంతకాలు, ఫైనాన్స్ నిరభ్యంతరం చేతికి వచ్చాకే పూర్తి సొమ్ము.
- బదిలీ దరఖాస్తు అందిన రసీదు వచ్చాకే షెడ్డుకు.
- ప్రతి విడిభాగానికి బిల్లు, పనికి ముందు, తర్వాత ఫొటోలు.
- బీమా పత్రం వచ్చాకే రోడ్డుపైకి.