కొలువు వదిలేటప్పుడు కూడా అమానతే

మగ్రిబ్ నమాజు ముగించుకుని ఇంటికి చేరేసరికి వరండాలో ఒకమ్మాయి, ఆమె తల్లి కూర్చుని ఉన్నారు. చిన్నప్పుడు నా దగ్గర ఖాయిదా చదువుకున్న పిల్లే. నర్సింగు చదివి మూడేళ్లుగా పట్టణంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పనిచేస్తోంది. ఇప్పుడు హైదరాబాదులో ఎక్కువ జీతానికి మరో ఉద్యోగం వచ్చింది.

"ఉస్తాద్‌జీ, ఎల్లుండి నుంచి డ్యూటీకి వెళ్లను. ఫోను ఆపేస్తాను. చెబితే వదలరు. పోయినేడు ఒక అక్క చెప్పి మానేస్తే సర్టిఫికెట్లు నాలుగు నెలలు ఇవ్వలేదు" అంది. "పిల్ల క్షేమంగా బయటపడేలా దువా చేయండి హజ్రత్" అంది తల్లి.

"ఎల్లుండి రాత్రి నీ వార్డులో ఎందరు రోగులుంటారు బేటీ?" అని అడిగాను.

"పద్నాలుగు మంది."

"నువ్వు వెళ్లకపోతే వారిని ఎవరు చూస్తారు?"

ఆ అమ్మాయి తల దించుకుంది. "నాతో ఉండే అమ్మాయి ఒక్కతే" అంది మెల్లగా.

యజమాని మీది కోపంతో చెప్పకుండా మానేస్తే ఆ దెబ్బ యజమానికి తగలదు. సెలైను సీసా అయిపోయిన రోగికి, రెండింతల పని నెత్తిన పడిన తోటి నర్సుకు తగులుతుంది.

హిజ్రత్ నేర్పిన పాఠం

మెరుగైన జీవనోపాధి కోసం ఉద్యోగం మారడం తప్పు కాదు. కొలువు బానిసత్వం కాదు. అయితే కొలువు ఒక ఒప్పందం. ఒప్పందాలను నెరవేర్చమన్న ఆదేశంతోనే సూరె మాయిదా మొదలవుతుంది.

దైవప్రవక్త (స) క్రీ.శ. 622లో మక్కాను వదిలి వెళ్లిన సందర్భం గుర్తుచేసుకోండి. ఆయన ప్రాణాలు తీయాలని చూసిన ఊరి ప్రజలే తమ సొమ్ములను నమ్మకంగా ఆయన వద్ద దాచుకునేవారు. అంతటి ప్రమాదంలోనూ వాటిని సొంతదారులకు అప్పగించేందుకు హజ్రత్ అలీ (రజి)ని మక్కాలో ఉంచి వెళ్లారు. ఆయన మూడు రోజులుండి, అమానతులన్నీ అప్పగించి, ఆ తరువాతే బయలుదేరారు. శత్రువుల ఊరిని వదిలేటప్పుడే ఇంత జాగ్రత్త అయితే, మూడేళ్లు అన్నం పెట్టిన కొలువు మాటేమిటి?

పద్ధతి ఏమిటి?

కొత్త ఆసుపత్రి నియామక పత్రం చేతికి అందాకే రాజీనామా ఇవ్వాలి. నోటిమాట నమ్మి ఉన్నది వదులుకోరాదు. పాత నియామక పత్రంలో నోటీసు గడువు ఎంతో చూసుకోవాలి. చాలాచోట్ల ఒక నెల ఉంటుంది, కొన్నిచోట్ల మూడు నెలలు. అన్నాళ్లు ఉండలేకపోతే మిగిలిన రోజుల జీతం కట్టి వెళ్లే వీలుందేమో అడగాలి.

మొదట నర్సింగ్ సూపరింటెండెంటుకు స్వయంగా చెప్పాలి. ఆమెకు ఈ సంగతి ఇతరుల ద్వారా తెలియడం మర్యాద కాదు. తరువాత లేఖ ఇవ్వాలి. తేదీ, హోదా, చివరి పనిదినం, నేర్చుకున్న పనికి ఒక కృతజ్ఞత వాక్యం, అంతే చాలు. పాత తగాదాలు అందులోకి ఎక్కించవద్దు. నకలు మీద అందినట్లు సంతకం తీసుకోవాలి. సంతకం పెట్టకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోవాలి.

చివరి రోజున మందుల బీరువా తాళాలు, మత్తు ఇంజెక్షన్ల లెక్క, గుర్తింపు కార్డు అప్పగించి సంతకాలు తీసుకోవాలి. రోగుల పరిస్థితిని ఒక్కొక్కరిదీ తరువాతి నర్సుకు చెప్పాకే వార్డు దాటాలి. రిలీవింగ్ లెటరు, అనుభవ ధ్రువపత్రం, బకాయి జీతం, పి.ఎఫ్. వివరాలు అడిగి తీసుకోవాలి. ఐదేళ్లు నిండితే గ్రాట్యుటీ కూడా హక్కే. రేపు గల్ఫ్‌కు వెళ్లాలనుకుంటే అక్కడివారు అనుభవ పత్రం నిజమో కాదో పాత ఆసుపత్రినే అడిగి తెలుసుకుంటారు. చెప్పకుండా వెళ్లిపోయిన వారికి ఆ జవాబు ఎలా వస్తుందో ఊహించుకోవచ్చు.

యజమానికీ బాధ్యత ఉంది

అమానత్ నర్సుకు మాత్రమే కాదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆ పిల్ల చదువుకుని సంపాదించుకున్నవి. వాటిని ఆపి మనిషిని కట్టేయడం జులుం. 2011-12లో ముంబై, ఢిల్లీ, కేరళలలో ప్రైవేటు ఆసుపత్రుల నర్సులు సమ్మెకు దిగినప్పుడు బాండ్లు, సర్టిఫికెట్ల నిర్బంధం వారి ఫిర్యాదుల్లో ముఖ్యమైనవి. పని పూర్తిగా చేయించుకుని వేతనం ఎగ్గొట్టేవానికి ప్రళయదినాన అల్లాహ్ స్వయంగా ప్రతివాది అవుతాడని బుఖారీ హదీసు హెచ్చరిస్తోంది. ఆసుపత్రి నడిపే ప్రతి ఒక్కరూ దీన్ని గుర్తుంచుకోవాలి.

ఆ అమ్మాయి ఆ రాత్రే మా ఇంట్లో కూర్చుని లేఖ రాసింది. నెల ఆగగలరా అని కొత్త ఆసుపత్రిని అడగడానికి ముందు భయపడింది. అడిగితే ఒప్పుకున్నారు. పాతచోట మాత్రం రెండు మూడు మాటలు పడింది. సర్టిఫికెట్ల కోసం మూడుసార్లు తిరిగింది. చివరికి అనుభవ పత్రంతో సహా అన్నీ చేతికి వచ్చాయి. ఆఖరి రాత్రి డ్యూటీ ముగిశాక ఒక ముసలి రోగి ఆమె తల నిమిరి దీవించాడట. ఆ మాట చెబుతూ కళ్లు తుడుచుకుంది.

ఫోను ఆపేసి వెళ్లిపోయి ఉంటే ఆ దువా ఆమెకు దక్కేదా? మన పిల్లలు పైకి రావాలని కోరుకుందాం. ఎక్కడి నుంచి బయలుదేరినా ఎవరి హక్కూ మెడ మీద మోసుకుపోకుండా వెళ్లే తౌఫీక్ అల్లాహ్ వారికి ప్రసాదించుగాక. ఆమీన్.