శిశువుల చలన వికాస దశలు: వయస్సు అంచనాలో గణాంక నమూనాల పాత్ర

శిశువు ఏ వయస్సులో కూర్చుంటుంది, ఏ వయస్సులో నడుస్తుంది అనే ప్రశ్న సరళంగా కనిపించినా దాని గణాంక నిర్ధారణ క్లిష్టమైనది. తొలి అడుగులకు అరిసెలు పంచే ఆచారం తెలుగు కుటుంబాల్లో ఉంది. అయితే వేడుక జరిగిన రోజూ, నడక వచ్చిన రోజూ ఒకటే కానక్కరలేదు. పరిశోధకులకూ ఇటువంటి చిక్కే ఎదురవుతుంది.

11వ నెల పరిశీలనలో నడవని శిశువు 12వ నెలలో నడుస్తూ కనిపిస్తే, ఆ రెండింటి నడుమ ఎప్పుడో నడక వచ్చిందని మాత్రమే తెలుస్తుంది. దీనిని అంతర సెన్సారింగ్ అంటారు. ఇటువంటి శిశువులందరికీ పరిశీలన నాటి వయస్సునే నమోదు చేస్తే అంచనా పెరుగుతుంది. అధ్యయనం ముగిసేనాటికి నడవని వారిని తొలగిస్తే అంచనా తగ్గుతుంది.

మనుగడ విశ్లేషణ ఈ రెండు దోషాలనూ నివారిస్తుంది. ఒక వయస్సులోపు నడక వచ్చే సంభావ్యతను సంచిత విభాజన ప్రమేయం తెలుపుతుంది. పై శిశువు విషయంలో 12, 11 నెలల వద్ద ఆ ప్రమేయ విలువల భేదం లైక్‌లిహుడ్‌లో చేరుతుంది. చివరి పరిశీలన వరకు నడవని శిశువు విషయంలో, అప్పటి విలువను 1 నుండి తీసివేయగా మిగిలినది చేరుతుంది. ఆ విధంగా అసంపూర్ణ సమాచారం కూడా వృథా కాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ప్రకటించిన ప్రమాణాలు ఇటువంటి నమూనాలపైనే ఆధారపడినవి. ఘానా, భారతదేశం, నార్వే, ఒమన్, అమెరికాలకు చెందిన 816 మంది ఆరోగ్యవంతులైన శిశువులలో ఆరు దశలను 4 నెలల వయస్సు నుండి పరిశీలించారు. 1వ, 99వ శతాంశకాల మధ్య వ్యవధి ఆధారం లేకుండా కూర్చోవడానికి 3.8–9.2 నెలలు, స్వతంత్రంగా నడవడానికి 8.2–17.6 నెలలు. 4.3 శాతం శిశువులు చేతులు, మోకాళ్లపై పాకనే లేదు. కనుక ప్రతి శిశువూ ఎప్పటికైనా పాకుతుందన్న భావనపై నిర్మించిన నమూనా ఇక్కడ సరిపోదు. పాకని వారి నిష్పత్తిని వేరుగా అంచనా వేయవలసి ఉంటుంది.

నడక సగటు వయస్సు సుమారు 12 నెలలు. ఆ సగటునే హద్దుగా భావిస్తే 14 నెలలకు నడవని శిశువుపై అకారణంగా ‘వికాస లోపం’ ముద్ర పడుతుంది. 99వ శతాంశకాన్ని దాటడం సైతం రోగనిర్ధారణ కాదు. ఆరోగ్యవంతులైన ప్రతి నూరుమందిలో ఒకరు ఆ హద్దును దాటుతారు. అది వైద్య పరీక్ష అవసరాన్ని సూచిస్తుంది. సగటును మాత్రమే ప్రకటించే అధ్యయనాలు ఈ వివేచనకు అవకాశమివ్వవు.