అన్న అప్పగించిన చేపలు

షార్జా రోలాలో ఓ పాత బిల్డింగు మూడో అంతస్తులో నలుగురం కలిసి ఒక రూములో ఉంటాం. రెండు బంకు మంచాలు, ఒక ఫ్రిజ్, కిటికీలో ఒక విండో ఏసీ. ఆ ఏసీ కింద ఇనుప స్టాండు మీద రెండడుగుల గాజు తొట్టి. అందులో రెండు ఏంజెల్ చేపలు, ఆరు మోలీలు. వాటి యజమాని మా అందరికంటే పాత మనిషి, సిరిసిల్ల వైపు టైల్స్ మేస్త్రీ. మేమంతా అన్న అంటాం. ఫ్యామిలీని తెచ్చుకునే జీతం కాదు కాబట్టి చేపల్ని తెచ్చుకున్నానని తనే జోకు వేసేవాడు.

బిడ్డ పెళ్లికని జూన్‌లో రెండు నెలల సెలవు మీద ఊరికి పోతూ తొట్టి నాకు అప్పగించాడు. "తమ్మీ, పొద్దుగాల చిటికెడు దాణా ఎయ్యి, వారానికో బకెట్ నీళ్లు మార్చు. గంతే" అన్నాడు. డిప్లొమా చదివి, సైట్‌లో యాభై మందితో పని చేయించేవాణ్ణి, ఎనిమిది చేపల్ని చూసుకోలేనా అనుకున్నాను.

చూసుకోలేకపోయాను. ఎక్కడ తప్పు జరిగిందో, ఆఖరికి ఎలా గట్టెక్కామో చెప్తాను. నాకు తెలిసిన బ్యాచిలర్ రూముల్లోనే నాలుగైదు చోట్ల ఇలాంటి తొట్టెలున్నాయి. ఎవరికైనా పనికి రావచ్చు.

నా ఘనకార్యాలు

తొట్టికి ఏసీ వైపు ఒక అట్టముక్క ఆనించి ఉండేది. టైల్స్ డబ్బా చింపిన అట్ట. తడిసి ఉబ్బిపోయి చూడ్డానికి అసహ్యంగా ఉంది. అన్న వెళ్లిన మర్నాడే తీసి చెత్తలో పడేశాను. ఆ తర్వాత స్లాబు పనుల్లో పడి మూడు వారాలు నీళ్లు మార్చలేదు. గాజు పచ్చబడింది. ఒక సెలవు రోజు బుద్ధి పుట్టి మొత్తం శుభ్రం చేశాను. ఫిల్టర్‌లోని స్పాంజిని తెల్లగా అయ్యేదాకా ట్యాపు కింద పిండి పిండి కడిగాను. తొట్టి వెలితిగా ఉంది, అన్న వచ్చి చూస్తే సంతోషపడతాడని మా వీధి చివరి షాపులో నాలుగు గప్పీలు కొని, కవరు విప్పి నేరుగా అందులోకి వదిలేశాను.

ఐదారు రోజులకు ఏంజెల్ చేపల రెక్కల మీద తెల్లని చుక్కలు కనిపించాయి. ఉప్పు రవ్వలు చల్లినట్టు ఉన్నాయి. మొదట అది వాటి రంగేమో అనుకున్నాను. తర్వాత చూస్తే గేదె చెట్టుకు ఒళ్లు రుద్దుకున్నట్టు రాళ్లకేసి రుద్దుకుంటున్నాయి. మొప్పలు గబగబా ఆడుతున్నాయి. దాణా వేసినా పైకి రావడం లేదు.

షాపుకి పరుగెత్తాను. అతను నీలం రంగు మందు సీసా చేతిలో పెట్టి, రోజుకు పది చుక్కలన్నాడు. తొట్టి ఎన్ని లీటర్లని అతను అడగలేదు, నేనూ చెప్పలేదు. రెండు రోజుల్లో మూడు గప్పీలు పోయాయి. మూడో రోజు పని నుంచి వచ్చేసరికి ఒక ఏంజెల్ పక్కకు ఒరిగి తేలుతోంది.

సరిగ్గా ఆ రాత్రే అన్న బోటిమ్‌లో వీడియో కాల్ చేశాడు. వెనకాల పెళ్లింటి సందడి, ఎవరో పిల్లలు ఏడుపు. "చేపలు మంచిగున్నయా? ఒక్కసారి చూపెట్టు" అన్నాడు. మోలీలున్న మూలకు మాత్రం కెమెరా తిప్పాను. "ఏంజెల్లేవి?" "రాయి ఎనుకకు పోయినయన్నా" అన్నాను.

మా నాయనను ఆసుపత్రిలో చేర్పించిన సంగతి, ఆయన ఇంటికి తిరిగొచ్చిన పన్నెండు రోజులకు గాని మా వాళ్లు నాకు చెప్పలేదు. అప్పుడు ఫోన్‌లో ఎంత అరిచానో నాకింకా గుర్తుంది. ఇప్పుడు నేను చేసిందేమిటి? ఆ రాత్రి అన్నం సహించలేదు.

భీమవరం బాబాయ్

మా రూములో ఇంకొకాయన భీమవరం దగ్గరి ఊరాయన. ఇక్కడ ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు. ఏడాదిగా మాతో ఉన్నా ఆ తొట్టి వైపు కన్నెత్తి చూడగా నేను చూడలేదు. ఆ రాత్రి లేచి వచ్చి, ఫోన్ లైటు వేసి, మిగిలిన ఏంజెల్‌ని కాసేపు చూశాడు. "తెల్లమచ్చండి ఇది" అని రెండడుగులు వెనక్కి జరిగాడు.

గోదావరి జిల్లాల వాళ్లకు, నెల్లూరు వాళ్లకు ఆ మాట చెప్పక్కర్లేదు. 1994-95లో కోస్తా రొయ్యల చెరువులను తెల్లమచ్చ తుడిచిపెట్టేసింది. బాబాయ్ వాళ్ల నాన్న కౌలుకు చేసిన చెరువులో రొయ్యలు గట్టు పక్కకొచ్చి చచ్చిపడ్డాయట. వారంలో చెరువు ఖాళీ. పొలం అమ్మి అప్పు తీర్చారు. "మందు లేదండి దానికి. బ్లీచింగు కొట్టి ఎండబెట్టుకోవడమే. మొత్తం పారబోసెయ్యండి సూపర్వైజర్ గారూ" అన్నాడు.

పారబోసేవాణ్ణే. కానీ పడుకున్నాక నిద్ర రాక ఫోన్‌లో వెతికి చదివితే అసలు సంగతి తెలిసింది. రొయ్యలకు వచ్చేది వైరస్. దానికి నిజంగానే మందు లేదు. అది చేపలకు రాదు. మంచినీటి చేపలకు వచ్చే తెల్లమచ్చ ఒకే కణం ఉండే పరాన్నజీవి వల్ల. పూర్తి పేరు ఇక్తియోఫ్తిరియస్. పెంచేవాళ్లు పొట్టిగా ఇక్ అంటారు. మన భాషలో రెండింటికీ పేరు ఒకటే, జబ్బులు మాత్రం వేరు. దీనికి వైద్యం ఉంది.

తెల్లారి ఈ మాట చెబితే బాబాయ్ రెండుసార్లు అడిగాడు, "నిజమేనాండి?" అని. ఆ తర్వాత స్టూలు తెచ్చుకుని తొట్టి ముందు కూర్చున్నాడు. ఇక ఆ రెండు వారాలు తొట్టికి అసలు సూపర్వైజరు ఆయనే.

చుక్క ఎక్కడ పుడుతుంది

మనకు కనిపించే తెల్లచుక్క చేప చర్మం కింద దాక్కుని తింటున్న పురుగు. అక్కడ ఉన్నంతసేపు ఏ మందూ దాన్ని ముట్టుకోలేదు. కడుపు నిండాక చర్మం చీల్చుకుని బయటపడి, అడుగున రాళ్లకు అంటుకుని గూడు కట్టుకుంటుంది. ఆ గూట్లో ఒకటి వందలుగా చీలుతుంది. ఆ పిల్లలు నీళ్లలోకి వచ్చి ఈదుతూ చేపను వెతుక్కుంటాయి. ఒకటి రెండు రోజుల్లో చేప దొరక్కపోతే చచ్చిపోతాయి. మందైనా, ఉప్పైనా పనిచేసేది ఆ ఈదే దశలోనే. అందుకే చుక్కలు పోయాయి కదా అని మధ్యలో ఆపేస్తే మళ్లీ మొదటికొస్తుంది.

నీళ్లు చల్లగా ఉంటే ఈ చక్రం వారాల తరబడి సాగుతుంది. 25 డిగ్రీల దగ్గర ఒక వారంలోపే ముగుస్తుంది. వేడి పెరిగేకొద్దీ పురుగు తొందరగా చేపను వదులుతుంది, మన దెబ్బకు తొందరగా దొరుకుతుంది. 30 డిగ్రీల దగ్గర దానికి పెరగడమే కష్టం. ఏంజెల్ చేప పుట్టిల్లు అమెజాన్ నది వైపు. 30 డిగ్రీలు కొన్నాళ్లు తట్టుకుంటుంది.

మరి మా తొట్టికి జబ్బెలా వచ్చింది? పురుగు వచ్చింది నేను తెచ్చిన గప్పీలతో. ఫారాల్లో పుట్టి, కవర్లలో విమానమెక్కి, మనలాగే అలిసిపోయి వచ్చే చేపలవి. కొత్త చేపను కనీసం రెండు మూడు వారాలు వేరే తొట్టిలో పెట్టి చూడాలి. నేను రెండు నిమిషాలు కూడా ఆగలేదు. వచ్చిన పురుగుకు ఏసీ తోడైంది. బాబాయ్ చెరువు అలవాటు కొద్దీ తెల్లవారుజామున నాలుగింటికి లేచేవాడు. చెరువుల్లో ఆక్సిజన్ బాగా పడిపోయేది ఆ టైములోనేనట. థర్మామీటరు పెట్టి చూస్తే నీళ్లు 24 డిగ్రీలు. పగలంతా ఏసీ ఆపేసి ఉంటుంది కాబట్టి సాయంత్రం 31. రోజూ ఏడు డిగ్రీలు ఎక్కడం, దిగడం! సైట్‌లో థర్మామీటరు పెట్టి చూడందే కాంక్రీటు పోయనివ్వను. ఇంట్లో తొట్టికి మాత్రం థర్మామీటరు కొనాలని తోచలేదు.

స్పాంజి సంగతి ఇంకా సిగ్గుచేటు. అందులో పెరిగే మంచి బ్యాక్టీరియానే చేపల వ్యర్థాల నుంచి పుట్టే అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చేది. ట్యాపు నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. నేను చేసింది శుభ్రం కాదు, తొట్టి కిడ్నీ పీకేయడం. స్పాంజిని తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే నాలుగుసార్లు ముంచి పిండితే చాలు.

పద్నాలుగు రోజులు

ముందు నీళ్లెన్నో లెక్కేశాను. పొడవు 60, వెడల్పు 30, నీళ్ల ఎత్తు 25 సెంటీమీటర్లు. అంటే 45 లీటర్లు. రాళ్లూ ఇసుకా పోను 40 అనుకున్నాం. థర్మోస్టాట్ ఉన్న చిన్న హీటరు కొని, రెండు రోజుల్లో మెల్లమెల్లగా 30కి తెచ్చాం. ఒక్కసారే పెంచకూడదు. వేడినీళ్లలో ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది. 25 డిగ్రీల దగ్గర లీటరుకు 8.2 మిల్లీగ్రాములు పట్టే నీళ్లలో 30 దగ్గర 7.5 మాత్రమే పడుతుంది. "గాలి పెట్టకుండా వేడి పెడితే చంపినట్టేనండి" అని బాబాయ్ పట్టుబట్టి ఎయిర్ పంపు కొనిపించాడు.

నీలం మందు ఆపేశాం. ఉప్పుతో వెళదామనుకున్నాం. మేం దొడ్డుప్పు అంటాం, ఆయన కల్లుప్పు అంటాడు. ఏ కలుపూ లేని ఉప్పు, లీటరుకు రెండు గ్రాముల లెక్కన 80 గ్రాములు తూచి, మూడు వాటాలు చేసి, నీళ్లలో కరిగించి ఒకటిన్నర రోజులో పోశాం. మోలీలకు ఉప్పు ఇష్టం. కోరీ క్యాట్‌ఫిష్, లోచ్ లాంటివి ఉన్నవాళ్లు మాత్రం ఇలా పోయకండి, అవి ఉప్పుకు తట్టుకోలేవు. షాపు మందే వాడదల్చుకుంటే సీసా మీద చదివి లీటర్ల లెక్కన వేయండి, ఫిల్టర్‌లో బొగ్గు ఉంటే తీసేయండి, లేకపోతే మందంతా అదే పీల్చుకుంటుంది. కొన్నింటిలో మలకైట్ గ్రీన్ ఉంటుంది. గ్లౌజులు వేసుకోండి. ఆ బకెట్టు, మగ్గు వంటకు వాడొద్దు.

రోజూ పది లీటర్లు, అడుగున రాళ్ల మధ్య నుంచి పైపుతో లాగి తీసేవాళ్లం. పురుగు గూళ్లు ఉండేది అక్కడే కదా. కొత్త నీళ్లతో ఇంకో తంటా. జూలైలో ట్యాపు తిప్పితే పైకప్పు ట్యాంకు నీళ్లు చెయ్యి పెట్టనివ్వవు. మనమంతా చేసేదే, గీజరు స్విచ్ ఆపేసి అందులోవి చల్లనీళ్లుగా వాడుకుంటాం. రెండూ కలిపి థర్మామీటరు చూసి 30కి తెచ్చి, క్లోరిన్ విరుగుడు చుక్కలు వేసి, పదికి 20 గ్రాములు ఉప్పు కలిపి పోసేవాళ్లం. దాణా సగానికి తగ్గించాం.

అసలు గొడవ ఏసీ దగ్గర వచ్చింది. మా రూములో చిన్నవాడు స్టీల్ ఫిక్సరు. రోజంతా ఎండలో కాలిన కడ్డీలు పట్టుకుని వచ్చి 18లో పెట్టుకుని పడుకుంటాడు. 24కు పెడదామంటే, "చేప కోసం నన్ను చెమటల పండుమంటవా అన్నా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. వాడిదే న్యాయం. మర్నాడు చేపల్ని బకెట్లో పెట్టి, తొట్టి నీళ్లు చాలావరకు తోడేసి, ముగ్గురం కలిసి స్టాండుతో సహా ఎదురు గోడకు మార్చాం. స్టాండు బరువంతా మోసింది వాడే.

నాలుగో రోజుకు మిగిలిన గప్పీ కూడా పోయింది. ఆరో రోజుకు ఏంజెల్ మీద చుక్కలు పల్చబడ్డాయి. ఎనిమిదో రోజుకు ఒక్కటీ లేదు. బాబాయ్ ఆపనివ్వలేదు. పద్నాలుగు నిండాకే హీటరు రోజుకో డిగ్రీ దించుతూ 27కు తెచ్చాం. ఉప్పు నీళ్లు మార్చేకొద్దీ దానంతటదే పోయింది.

పెళ్లయిన మూడో రోజు అన్నకు ఫోన్ చేసి అంతా చెప్పాను. ఒక ఏంజెల్ పోయిందని, కాల్‌లో అబద్ధం చెప్పానని కూడా. కాసేపు మాట రాలేదు. లైను కట్టయిందేమో అనుకున్నాను. తర్వాత, "ఏసీ దిక్కు అట్ట ఉండె కదా తమ్మీ, అదేమైంది?" అన్నాడు. రాత్రిళ్లు చల్లగాలి నేరుగా గాజుకు కొట్టకుండా ఆరేళ్లుగా పెడుతున్నదట. నాకు చెప్పడం మరిచిపోయాడు. నేను అడగలేదు.

ఆగస్టులో వచ్చాడు. బ్యాగులు తలుపు దగ్గరే పెట్టి తొట్టి ముందు కూర్చుని ఏంజెల్‌ని చూశాడు, మోలీల్ని లెక్కపెట్టాడు. ఆరూ ఉన్నాయి. తొట్టి ఇప్పుడు ఏసీకి దూరంగా ఉందని చెప్పినా వినలేదు. మర్నాడు సైటు నుంచి వస్తూ టైల్స్ డబ్బా అట్ట ఒకటి చింపి తెచ్చి, ఒక పక్కకు ఆనించాడు.