మీకు తెలుసా? అదే మోడల్, అవే లెక్కలు, వాన మాత్రం వేరు

2024 జూన్ 28 ఉదయం 8:30తో ముగిసిన 24 గంటల్లో ఢిల్లీ సఫ్దర్‌జంగ్‌లో 228.1 మి.మీ. వాన కురిసింది. సుమారు పది కిలోమీటర్ల దూరంలోని పాలంలో కురిసింది 106.6 మి.మీ. మాత్రమే. ఆర్.కె. పురం ఈ రెండింటి మధ్యలోనే ఉంది. కార్డెక్స్ అనే అంతర్జాతీయ కార్యక్రమం కింద దక్షిణాసియాకు నడిపిన ప్రాంతీయ వాతావరణ మోడళ్లలో చాలావాటిలో ఒక్కో గడి వెడల్పు సుమారు 50 కిలోమీటర్లు. అంటే మూడు చోట్లకూ కలిపి ఒకే అంకె రావచ్చు!

గడిని చిన్నదిగా చేస్తే చాలదా? చాలదు. ప్రాంతీయ మోడల్‌కు గాలి, తేమ, ఉష్ణోగ్రతల వివరాలు సరిహద్దుల దగ్గర ప్రపంచ మోడల్ నుంచి అందుతాయి. వాటిని అలాగే ఉంచి, మొదలుపెట్టే తేదీని ఒక్కరోజు జరిపినా లోపల వాన పడే చోటు, రోజు మారిపోవచ్చు. ముఖ్యంగా ఉరుముల వానలతో ఈ చిక్కు ఎక్కువ. ఇది ప్రోగ్రాములో దొర్లిన తప్పు కాదు, వాతావరణం తీరే అంత. 1961లో వాతావరణ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ లోరెంజ్ 0.506127 బదులు 0.506 ఇచ్చి కంప్యూటర్‌ను మళ్లీ నడిపితే, కొంతసేపటికి ఫలితం మొదటిదానితో పొంతన లేకుండా పోయింది.

అందుకే ఒకే మోడల్‌ను పలుమార్లు నడుపుతారు. అందరూ సగటునే అడుగుతారు గానీ, అసలు సమాచారం ఫలితాల మధ్య తేడాలోనే ఉంది. కేంద్ర జల సంఘం ఉండే సేవాభవన్ ఆ ఆర్.కె. పురంలోనే ఉంది. అక్కడ వరద లెక్కలు వేసేవారికి సగటు వానతో పని జరగదు, ఎంత విపరీతంగా కురవగలదో తెలియాలి.

రాబోయే పది, ఇరవై ఏళ్లలో ఒక ప్రాంతపు వానల అంచనాలోని అనిశ్చితిలో ఈ సహజమైన ఊగిసలాటదే పెద్ద వాటా. శతాబ్దం చివరి ఉష్ణోగ్రతలకు వస్తే, మనం వదిలే కర్బన ఉద్గారాలు ఎంతన్నదే పెద్ద ప్రశ్న.