సీసాలో లేచిన తెరచాప

సీసా మూతి చూస్తే బొటనవేలు దూరడమే కష్టం. లోపల చూస్తే మూడు కొయ్యలతో, నిండుగా విప్పుకున్న తెరచాపలతో ఓడ! చూసినవాళ్లు ముందు సీసాను తిరగేస్తారు. అడుగున ఎక్కడైనా అతుకు ఉందేమోనని వెతుకుతారు. ఉండదు. అడుగు కోసి అతికించలేదు. ఓడ చుట్టూ గాజు ఊదలేదు. ఓడ వెళ్లింది ఆ మూతిలోంచే. కాకపోతే నిలబడి కాదు, పడుకుని!

కిటుకంతా దారంలోనే

ముందుగా సీసా లోపలి కొలతలు తీసుకోవాలి. ఓడ అడుగుభాగాన్ని మెడలోంచి దూరేంత సన్నగా చెక్కుతారు. తెరచాప కొయ్యల్ని మాత్రం గట్టిగా బిగించరు. మొదట్లో సన్నటి తీగను మడతబందులా అమర్చి, వెనక్కి వాలిపోయేలా చేస్తారు. ఒక్కో కొయ్యకు దారం కట్టి, ఓడ ముక్కున పొడుచుకొచ్చిన కొయ్యకున్న రంధ్రంలోంచి బయటికి తీస్తారు. తెరచాపలను పై అంచున మాత్రమే అతికిస్తారు. అప్పుడే అవి నలగకుండా వంగుతాయి.

మరి ఓడ తేలడానికి సముద్రం కావాలిగా! పాతకాలపు నావికులు అద్దాలు బిగించే లప్పాన్నే వాడేవారు. సుద్దపొడి, అవిసె నూనె కలిపిన ఆ ముద్దకు నీలం రంగు అద్ది, పొడవాటి తీగతో సీసాలో పరిచేవారు. వంచిన తీగ కొసతోనే అలలు దిద్దేవారు. పని ముగిసిందని తొందరపడి, నూనె ఆరకముందే బిరడా పెడితే గాజుకు లోపలినుంచి మసక పట్టేస్తుంది.

ఇక అసలు పరీక్ష. కొయ్యల్ని వాల్చి, తెరచాపలు ముడిచి, ఓడను వెనక భాగం ముందుగా మెడలోకి నెడతారు. దారాల కొసలు బయటే ఉంటాయి. ఓడను లప్పంలో కూర్చోబెట్టి, దారాలు మెల్లగా లాగితే... కొయ్యలు ఒక్కొక్కటే పైకి లేస్తాయి. తెరచాపలు విచ్చుకుంటాయి. ఇక్కడ దారం తెగినా, కొయ్య విరిగినా, జిగురు చుక్క గాజు మీద పడినా అన్నాళ్ల కష్టం బూడిదపాలే. కొయ్య రవ్వంత పొడవెక్కినా పైన గాజుకు తగిలి ఆగిపోతుంది. అందుకే చేయి తిరిగినవాళ్లు ఓడను సీసా బయటే పదిసార్లు పడుకోబెట్టి, లేపి చూసుకుంటారు. అన్నీ కుదిరాక రంధ్రాల దగ్గర జిగురు వేస్తారు. ఆరాక, పొడవాటి కడ్డీకి కట్టిన బ్లేడుతో దారాలు కోసేస్తారు. ఆ తర్వాత దిద్దుబాటుకు దారే లేదు.

ఓడకన్నా ముందు గని

సీసాలో లోకాన్ని అమర్చే సరదా ఓడలతో మొదలవలేదు. 18వ శతాబ్దంలోనే మధ్య ఐరోపాలో గని కార్మికుల బొమ్మల్ని, క్రీస్తు శిలువ దృశ్యాల్ని సీసాల్లో ముక్క ముక్కగా పేర్చేవారు. జర్మన్ భాషలో వాటిని ‘ఓర్పు సీసాలు’ అనేవారు. 1719 నాటి ఒక గని సీసాను చేసింది మథియాస్ బుఖింగర్. 1674లో జర్మనీలోని ఆన్స్‌బాక్‌లో పుట్టిన ఆయనకు పుట్టుకతోనే చేతులూ పాదాలూ లేవు. ఎదిగినా ఎత్తు 29 అంగుళాలే. మొండి చేతులతోనే కలం పట్టి, అతి సన్నని అక్షరాలు రాసి ఐరోపాను అబ్బురపరిచిన మనిషి ఆయన!

మిగిలింది సీసాలోనే

ఇప్పటికీ నిలిచి ఉన్న సీసా ఓడల్లో బాగా పాతది ఒకటి జర్మనీలోని ల్యూబెక్ పట్టణ మ్యూజియంలో ఉంది. 1784 నాటిది. 19వ శతాబ్దంలో తెల్లగాజు సీసాలు చవగ్గా దొరకడం మొదలయ్యాక ఈ కళ నావికుల చేతికి చిక్కింది. నెలల తరబడి సాగే ప్రయాణాలు. పని లేని వేళల్లో చేతిలో చాకు, ఓ చెక్కముక్క, కాస్త దారం, ఖాళీ సీసా. అంతే పెట్టుబడి. తాము పనిచేసే ఓడనే చేసుకున్నవాళ్లు ఎందరో. ప్రతి తాడూ చేతికి తెలిసిన మనిషికి నమూనాతో పనేముంది?

తర్వాత ఆవిరి ఓడలు వచ్చాయి. తెరచాప ఓడలు ఒక్కొక్కటే తుక్కు కిందకి వెళ్లాయి. ఈ కళ మాత్రం ఆగలేదు. 2010లో యింకా షోనిబారే అనే కళాకారుడు లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో ఏకంగా 4.7 మీటర్ల పొడవున్న సీసాను నిలబెట్టారు. అందులో ఉన్నది 1805 ట్రఫాల్గర్ యుద్ధంలో నెల్సన్ నడిపిన ‘విక్టరీ’ ఓడ నమూనా. దాని 37 తెరచాపలూ ఆఫ్రికన్లు ఇష్టంగా కట్టే రంగురంగుల అద్దకం బట్టలే. 2012లో అది గ్రెనిచ్‌లోని జాతీయ సముద్రయాన మ్యూజియానికి చేరింది.

సరదా పడేవారు మాత్రం అంత పెద్ద ఓడ జోలికి వెళ్లనక్కర్లేదు. ఒంటికొయ్య పడవతో మొదలుపెట్టొచ్చు. వెడల్పు మెడ సీసా అయితే మరీ మంచిది. కావాల్సిందల్లా ఓర్పు.

నావికులు ఏళ్లతరబడి నడిపిన ఓడలు ఎప్పుడో తెరచాపలు దించేసుకున్నాయి. సీసాలో దారం లాగి వాళ్లు లేపిన తెరచాప మాత్రం ఇంకా దిగలేదు!