యాప్‌లు నేర్చుకోవడానికి ఎలాంటి కంప్యూటర్ కావాలి? అప్పు చేసే ముందు ఒక లెక్క

డిగ్రీలోనో బీటెక్‌లోనో సీటు వచ్చిన బిడ్డ యాప్‌లు తయారు చేయడం నేర్చుకుంటానంటే ఇంట్లో మొదట లేచే ప్రశ్న లాప్‌టాప్. ఆ ఇంట్లో అంతకుముందు ఎవరూ కంప్యూటర్ ముట్టి ఉండరు. అందుకే షాపువాడు చెప్పిందే వేదమవుతుంది. 2017-18లో జరిగిన జాతీయ నమూనా సర్వే 75వ విడత ప్రకారం పట్టణాల్లో 23.4 శాతం కుటుంబాలకు కంప్యూటర్ ఉంటే, పల్లెల్లో ఉన్నది 4.4 శాతానికే. ఇక వాడల సంగతి వేరే చెప్పాలా?

షాపువాడు 70 వేల లాప్‌టాప్ చూపిస్తాడు. స్కాలర్‌షిప్ ఎప్పుడు పడుతుందో తెలియదు కాబట్టి తండ్రి నూటికి 3 రూపాయల వడ్డీకి తెస్తాడు. నెలకు వడ్డీయే 2,100 రూపాయలు. ఏడాదికి 25,200. అసలు మాత్రం అలాగే ఉంటుంది. యాప్‌లు నేర్చుకోవడం మొదలుపెట్టడానికి ఆ అప్పు అవసరం లేదు. ఏది కావాలో, ఏది అక్కర్లేదో తెలిస్తే చాలు.

ముందు ఏ యాప్ అన్నది తేల్చుకోండి

ఆండ్రాయిడ్ యాప్‌లు విండోస్, లినక్స్, మ్యాక్ దేని మీదైనా చేయవచ్చు. ఐఫోన్ యాప్‌లకు కావాల్సిన ఎక్స్‌కోడ్ మాత్రం యాపిల్ వారి మ్యాక్ మీదే నడుస్తుంది. పైగా యాపిల్ స్టోర్‌లో యాప్ పెట్టాలంటే ఏటా 99 డాలర్లు కట్టాలి. గూగుల్ ప్లేలో ఒక్కసారి 25 డాలర్లు కడితే సరిపోతుంది. మన ఊళ్లో అందరి చేతుల్లో ఉన్నది ఎక్కువగా ఆండ్రాయిడ్ ఫోనే. కొత్తవాళ్లు దానితోనే మొదలుపెట్టడం మేలు. మ్యాక్ కోసం ఇప్పుడే అప్పు చేయకండి.

చూడాల్సినవి మూడు

మొదటిది ర్యామ్. ఆండ్రాయిడ్ స్టూడియో నడవడానికి కనీసం 8 జీబీ ఉండాలి. కంప్యూటర్‌లోనే నకిలీ ఫోన్‌ను చూపించే ఎమ్యులేటర్ కూడా కావాలంటే 16 జీబీ ఉండాలని గూగుల్ చెబుతోంది. డబ్బు 8 జీబీకే సరిపోతే, తర్వాత పెంచుకోవడానికి ఖాళీ స్లాట్ ఉందా అని అడగండి. కొన్ని పలుచటి లాప్‌టాప్‌లలో ర్యామ్‌ను బోర్డుకే అతికించేస్తారు. అలాంటివాటిలో పెంచడం కుదరదు.

రెండోది ఎస్ఎస్‌డీ. పాతకాలపు హార్డ్ డిస్క్ మీద ఆండ్రాయిడ్ స్టూడియో తెరుచుకునేసరికి ఓపిక చచ్చిపోతుంది. 256 జీబీ ఎస్ఎస్‌డీతో మొదలుపెట్టవచ్చు, 512 అయితే నిశ్చింత. చవకగా దొరుకుతుందని 64 జీబీ లాప్‌టాప్ తీసుకోవద్దు. విండోస్, స్టూడియోలు ఎక్కేసరికే అది నిండిపోతుంది.

మూడోది ప్రాసెసర్. ఐ5 అన్న స్టిక్కర్ చూసి మోసపోవద్దు. దాని పక్కనున్న అంకెలు చూడండి. 8250 అని ఉంటే 8వ తరం, 1235 అని ఉంటే 12వ తరం. 4వ తరం ఐ5 కంటే 12వ తరం ఐ3 చాలా నయం. సెలెరాన్ అని రాసి ఉంటే వదిలేయండి.

గేమింగ్ గ్రాఫిక్స్ కార్డు, రంగుల లైట్ల కీబోర్డు, టచ్ స్క్రీన్ ఈ పనికి అక్కర్లేదు. ధర పెంచేది ఎక్కువగా అవే.

మీ ఫోనే సగం కంప్యూటర్

16 జీబీ కొనలేని వాళ్లకు ఒక దారి ఉంది. ఎమ్యులేటర్ బదులు మీ చేతిలోని ఫోన్ మీదే యాప్‌ను పరీక్షించవచ్చు. ఫోన్ సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ తెరుచుకుంటాయి. అందులో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి కేబుల్‌తో కలిపితే, మీరు రాసిన యాప్ నేరుగా ఫోన్‌లో నడుస్తుంది. ఇంకా ఏ కంప్యూటరూ లేని వాళ్లు కాట్లిన్ ప్లేగ్రౌండ్, డార్ట్‌ప్యాడ్ లాంటి వాటిలో బ్రౌజర్‌లోనే కోడ్ రాసి చూసుకోవచ్చు. ఫోన్ తెర మీద కష్టమే, కానీ పాఠం ఆగదు.

పాతది కొనేటప్పుడు

కంపెనీలు వాడి తీసేసిన థింక్‌ప్యాడ్, లాటిట్యూడ్, ఎలైట్‌బుక్ లాంటి లాప్‌టాప్‌లు గట్టివి, బాగు చేయించడం తేలిక. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీలో ఇలాంటివి దొరుకుతాయి. ఇంటెల్‌లో 8వ తరం, ఆపైన ఉన్నవే చూడండి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. 8వ తరానికి ముందువాటిలో చాలావరకు విండోస్ 11ను మైక్రోసాఫ్ట్ అనుమతించదు. ఇప్పటికే అలాంటిది ఇంట్లో ఉంటే పారేయకండి. ఉచితంగా దొరికే లినక్స్ మింట్ వేసుకుని వాడుకోండి.

డబ్బు ఇచ్చే ముందు అక్కడే అరగంట నడిపి చూడండి. ప్రతి కీ నొక్కండి, ఛార్జర్ తీసి బ్యాటరీ ఎంతసేపు ఆగుతుందో గమనించండి. సీరియల్ నంబర్ రాసిన బిల్లు తప్పకుండా తీసుకోండి. బిల్లు లేని లాప్‌టాప్‌తో కనబడిన మన పిల్లవాణ్ణి లోకం ఏ కళ్లతో చూస్తుందో కొత్తగా చెప్పక్కర్లేదు.

ఒక్కరి వల్ల కాకపోతే

అంబేద్కర్ యువజన సంఘాలున్న ఊళ్లలో అందరూ కలిసి ఒక డెస్క్‌టాప్ కొనవచ్చు. అదే ధరకు లాప్‌టాప్ కంటే డెస్క్‌టాప్‌లో ఎక్కువ శక్తి వస్తుంది, భాగాలు మార్చుకోవడమూ సులువు. కరెంటు పోయినా రాసింది పోకుండా ఒక యూపీఎస్ పెట్టుకోవాలి. తలా రెండు గంటలు చొప్పున రోజుకు ఐదారుగురు నేర్చుకోవచ్చు. ఆడపిల్లలకు పగటిపూట గంటలు ముందే కేటాయించండి. లేకపోతే ఆ కుర్చీ వాళ్ల వరకు రాదు.

అయితే సర్దుకుపోవడమే పరిష్కారం కాదు. కేంద్రం ఎస్సీ విద్యార్థులకిచ్చే టాప్ క్లాస్ స్కాలర్‌షిప్‌లో లాప్‌టాప్‌తో సహా ఇతర ఖర్చులకు మొదటి ఏడాది 86 వేల రూపాయలు ఉన్నాయి. కానీ అది ఎంపిక చేసిన విద్యాసంస్థల్లో చదివేవారికే. జిల్లా డిగ్రీ కాలేజీలో చదివే బిడ్డకు కూడా అదే యంత్రం కావాలి కదా. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో సబ్‌ప్లాన్ చట్టం వచ్చింది. తెలంగాణలో 2017లో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం వచ్చింది. ఎస్సీల అభివృద్ధికి కేటాయించిన ఆ నిధుల నుంచి ప్రతి ఎస్సీ హాస్టల్‌లో 16 జీబీ కంప్యూటర్లతో ఒక గది ఎందుకు ఉండకూడదు? మీ హాస్టల్‌లో ఎన్ని కంప్యూటర్లున్నాయి, ఎన్ని పనిచేస్తున్నాయి, ఎంత ఖర్చు చేశారు అని సమాచార హక్కు చట్టం కింద అడగండి. ఆ దరఖాస్తుకు రుసుము 10 రూపాయలే.